బొమ్మల పుస్తకం చేయాలంటే ముందు డమ్మీ మడవండి

పిల్లల కోసం రాయాలని, బొమ్మలూ తామే వేయాలని అనుకునేవాళ్లు హైదరాబాద్‌లో తక్కువేమీ లేరు. చాలామంది పని మొదలుపెట్టే తీరు మాత్రం ఒకేలా ఉంటుంది. కథ మొత్తం రాసేస్తారు, నచ్చిన పది సన్నివేశాలకు రంగులతో సహా బొమ్మలు వేసేస్తారు, ఆ తర్వాత పబ్లిషర్ కోసం వెతుకుతారు. తీరా చూస్తే కథ ఎన్ని పేజీలకు వస్తుందో తెలియదు, బొమ్మల కొలత ఏ పుస్తకానికీ సరిపోదు, అక్షరాలు పెట్టడానికి బొమ్మలో చోటే ఉండదు. నెలల కష్టం మళ్లీ మొదటికొస్తుంది. అందుకే రంగు డబ్బా మూత తీయకముందే పుస్తకాన్ని కాగితాలు మడిచి చేసుకోండి. ఆ నమూనా పుస్తకాన్నే డమ్మీ అంటారు. మిగతా పనులన్నీ దాని వెనకే వస్తాయి.

చేతిలో పట్టుకుని చదవండి

ముందు నలభై యాభై బొమ్మల పుస్తకాలు చదవాలి. ఫోన్లో కాకుండా చేతిలో పట్టుకుని చదవాలి. తార్నాకలో ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ల దగ్గరికి వెళితే తెలుగులో పిల్లల పుస్తకాలు ఒక్కచోటే బోలెడు దొరుకుతాయి. సాధారణంగా డిసెంబరులో ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి ఒక పూట కేటాయించుకుని పిల్లల స్టాళ్లే తిరగండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత విదేశీ బొమ్మల పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. చినిగినవైనా కొనండి, మీకు కావాల్సింది వాటి నిర్మాణం. డబ్బు పెట్టలేని రోజుల్లో అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉండనే ఉంది, 1891లో అసఫియా లైబ్రరీగా మొదలైన చోటు అది. ప్రథమ్ బుక్స్ అనే సంస్థ 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింటు తీసి కుట్టుకోవచ్చు కూడా.

చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకోండి. మొత్తం ఎన్ని పేజీలు, పేజీకి ఎన్ని మాటలు, అక్షరాలు బొమ్మలో ఎక్కడ కూర్చున్నాయి, ఏ పేజీ తిప్పేముందు ఆత్రం కలిగింది అన్నవి రాసుకోండి. మాటల్లో లేని సంగతి బొమ్మ ఎక్కడ చెప్పిందో ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. ఈ వృత్తికి అదే ఆయువుపట్టు.

మనలో చాలామందికి బొమ్మల రుచి తెలిసింది చందమామతోనే. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో చిత్ర, శంకర్, వపా (వడ్డాది పాపయ్య) వేసిన బొమ్మలు చూసి గీత నేర్చుకున్నవాళ్లు ఎందరో. గీత నేర్చుకోవడానికి ఇప్పటికీ అంతకన్నా మంచి బడి లేదు. అయితే పత్రిక కథకు వేసే బొమ్మ ఒక్క ఘట్టాన్ని చూపిస్తుంది, మిగతా కథంతా అక్షరాలే నడుపుతాయి. బొమ్మల పుస్తకంలో కథను పేజీ పేజీకీ ముందుకు లాగే పనిలో సగం బొమ్మదే. ఆ పద్ధతి కావాలంటే మన పక్కనే ఉన్న చేర్యాల నకాషీ పటాలు చూడండి. చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసిన గుడ్డ మీద, ఎర్రటి నేపథ్యంలో, కథ అడ్డపట్టీలుగా పైనుంచి కిందికి దిగుతుంది. కథకుడు పటాన్ని విప్పుతూ ఒక్కో పట్టీ చూపించి పాడేవాడు. చూసేవాళ్లకు తర్వాతి బొమ్మ ఎప్పుడు కనబడాలో అతని చేతిలో ఉండేది. మీ పుస్తకంలో ఆ అధికారం పేజీ తిప్పే పిల్లదానిది.

కథ: చిన్నది, ఒకే కోరిక ఉన్నది

మొదటి పుస్తకానికి రాజులు, మాట్లాడే జంతువులు వద్దని నా గట్టి అభిప్రాయం. మీ వీధిలో ఆరేళ్ల పిల్లకు ఏం కావాలో అక్కడినుంచి మొదలుపెట్టండి. ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాన్నే పట్టుకుని వెళదాం. బోరబండలో ఒక బస్తీ, నీళ్ల ట్యాంకర్ వచ్చే రోజు, అమ్మ పనికి వెళ్లింది, ఇంట్లో రాణి ఒక్కతే ఉంది. బిందె నింపాలి. కథ అంతే. కోరిక ఒకటి, అడ్డం ఒకటి, పూట ఒకటి.

చివర్లో ‘కాబట్టి పిల్లలూ, నీటిని పొదుపుగా వాడాలి’ అని రాయాలని చెయ్యి లాగుతుంది. రాయకండి. బిందె నింపుకోవడానికి అంత తిప్పలు పడ్డ పిల్లను చూసిన పాఠకురాలికి నీటి విలువ మీరు చెప్పాల్సిన పని లేదు. నీతి వాక్యం అతికించగానే పిల్లలు పుస్తకం మూసేస్తారు, పెద్దలు మాత్రం బాగుందంటారు. మీరు రాస్తున్నది పిల్లలకు.

ఎంత పొడవు రాయాలో తెలియకపోతే స్టోరీవీవర్ స్థాయిల లెక్క పనికొస్తుంది. మొదటి స్థాయి 250 మాటల లోపు, రెండోది 600 వరకు, మూడోది 1500 వరకు. 32 పేజీల తెలుగు బొమ్మల పుస్తకానికి 300 మాటలు దాటితే నాకు అనుమానమే. విభక్తులు చాలావరకు పదానికే అతుక్కునే భాష మనది, తక్కువ మాటల్లో ఎక్కువ పడుతుంది.

డమ్మీ

ఎనిమిది ఏ4 కాగితాలు తీసుకోండి. అన్నీ కలిపి మధ్యకు మడిచి, మడత మీద రెండు పిన్నులు కొట్టండి. 16 ఆకులు, 32 పేజీలు. మూలల్లో నంబర్లు వేయండి. ఇదే మీ డమ్మీ. అందం అక్కర్లేదు, నలిగిపోయినా పర్లేదు.

32 ఎందుకంటే ప్రెస్సులో కాగితం పెద్ద షీట్లుగా ఉంటుంది. 20×30 అంగుళాల డబుల్ క్రౌన్ షీటును రెండువైపులా అచ్చువేసి మడిస్తే 7.5×10 అంగుళాల పేజీలు 16 వస్తాయి. రెండు షీట్లకు 32 పేజీలు. అట్ట వేరే. మీ కథ 34 పేజీలకు పోతే ఆ రెండు పేజీల కోసం కాగితం, ప్లేట్లు, మడత అన్నీ అదనం. తక్కువ ఖర్చులో చేయాలంటే 16 లేదా 24 పేజీలు పెట్టుకోవచ్చు. నాలుగుతో భాగించలేని లెక్క మాత్రం పిన్ బైండింగ్‌లో కుదరదు.

1వ పేజీలో పుస్తకం పేరు, 2లో ప్రచురణ వివరాలు, 3లో పేరుతోపాటు చిన్న బొమ్మ. కథ 4–5 దగ్గర మొదలై 30–31 దగ్గర అయిపోతుంది. అంటే మీ చేతిలో ఉన్నవి 14 జంట పేజీలు, చివర ఒంటి పేజీ ఒకటి. కథను 14 ముక్కలు చేయండి. 14 రాకపోతే కథలో బరువు లేదనో, ఎక్కువైందనో అర్థం.

పిన్ కొట్టే పుస్తకంలో 16–17 పేజీలు నట్టనడుమ వస్తాయి. ఆ రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కనే అచ్చవుతాయి కాబట్టి అక్కడ గీసిన బొమ్మ ఎక్కడా తెగదు, జరగదు. మిగతాచోట్ల ఎడమ పేజీ ఒక కాగితం మీద, కుడి పేజీ ఇంకో కాగితం మీద ఉంటాయి, మడతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా గీత కలవదు. అందుకే మీ కథలో అతి పెద్ద ఘట్టాన్ని నడుముకు తెచ్చుకోండి. రాణి కథలో ట్యాంకర్ పైపు తెరుచుకుని నీళ్లు ఎగజిమ్మే బొమ్మ అక్కడే ఉండాలి. ఎక్కడైనా సరే, మనిషి ముఖం మాత్రం సరిగ్గా మడతలో పడకుండా చూసుకోండి.

ఇప్పుడు పేజీ తిప్పడం సంగతి. రాణి కథ మొదటి చిత్తు సాధారణంగా ఇలా వస్తుంది:

‘రాణి వాళ్ల బస్తీలో నీళ్ల ట్యాంకర్ రెండు రోజులకోసారి వస్తుంది. ఆ రోజు రాణి పొద్దున్నే లేచి ఎర్ర బిందె తీసుకుని పరుగెత్తింది. కానీ అప్పటికే అక్కడ చాలా బిందెలు వరసగా ఉన్నాయి. నీలం బిందె, పచ్చ బిందె, స్టీలు బిందె. రాణికి చాలా బాధ వేసింది.’

ఇందులో తప్పేమీ లేదు, బొమ్మకు పని మాత్రం లేదు. డమ్మీలో దీన్ని ఇలా పరచండి. ఎడమ పేజీలో పరుగెడుతున్న రాణి, సందు, చంకలో ఎర్ర బిందె. మాటలు: ‘రాణి ఉరికింది.’ కుడి పేజీలో సందు మలుపు, గోడ పక్కనుంచి తొంగిచూస్తున్న రాణి వీపు. మాటలు: ‘అప్పటికే...’ పేజీ తిప్పండి. రెండు పేజీల నిండా ఒకే బొమ్మ. వరస. అందులో మనుషులెవరూ లేరు. నీలం బిందె, సొట్టపోయిన స్టీలు బిందె, పెయింటు డబ్బా, పిడి ఊడిన బకెట్టు, ఒక ఇటుక, ఒక హవాయి చెప్పు. చెప్పు కూడా ఎవరి చోటునో పట్టుకునే ఉంది. మాటలు రెండే: ‘అందరూ వచ్చేశారు.’

రంగులు మాటల్లోంచి పోయాయి, బొమ్మలో ఉన్నాయి. బాధ మాట పోయింది, చిన్న ఎర్ర బిందె వరస చివర, కుడి అంచున ఉంది. ఆ చెప్పును చూసి పిల్లలు నవ్వుతారు, ఎవరిదో వెతుకుతారు. రెండు పేజీల తర్వాత ఒంటికాలి చెప్పుతో గెంతుకుంటూ వచ్చే తాత కనిపిస్తే అప్పుడు అరుస్తారు. ఆ తాత గురించి మాటల్లో ఒక్క ముక్క కూడా ఉండకూడదు.

రాసేదీ గీసేదీ ఒకరే అయినప్పుడు దక్కే గొప్ప సౌకర్యం ఇది. రచయితగా మీరు కొట్టేసిన ప్రతి వాక్యాన్ని చిత్రకారుడిగా మీరే అందుకోవచ్చు. డమ్మీని కనీసం నాలుగైదుసార్లు తిరగ చేయండి. ప్రతిసారీ మాటలు తగ్గాలి.

తెలుగు అక్షరం అడిగే చోటు

ఇంగ్లిష్ పుస్తకాల లేఅవుట్ చూసి తెలుగు పెడితే ఇరుకు పడుతుంది. మన అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు. ‘స్త్రీ’ లాంటి మాట ఒక్కటి వస్తే చాలు, పై వరసకూ కింది వరసకూ తగులుతుంది. కాబట్టి వరసల మధ్య ఎడం ఎక్కువ ఉంచండి, అక్షరాలకు చోటు డమ్మీలోనే డబ్బా గీసి పక్కన పెట్టండి. అప్పుడే చదవడం నేర్చిన పిల్లలకు 20 పాయింట్లకు తగ్గకుండా ఉంటే మంచిది. అలంకారాల ఫాంట్లు అట్టకే పరిమితం చేయండి. ప, ష, ఫ, ఘ తేడా పట్టడానికే కష్టపడే కళ్లకు వంకర్లు తిరిగిన తలకట్లు పెట్టకూడదు. మండలి, ఎన్టీఆర్, మల్లన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, అచ్చుకు వాడుకోవడానికీ అనుమతి ఉంది.

వాక్యం ఊపిరి ఆగే చోటే విరగాలి. ‘ఎర్ర’ ఒక వరసలో, ‘బిందె’ తర్వాతి వరసలో పడితే చదివే పిల్ల తడబడుతుంది. పైకి చదవండి, వేరేవాళ్ల చేత చదివించి వినండి. వాళ్లు ఆగిన ప్రతి చోటా గుర్తు పెట్టి మాట మార్చండి. సంభాషణలు మీ పిల్లలు మాట్లాడినట్టే ఉండనివ్వండి. బోరబండ పిల్ల రేడియో వార్తల భాషలో మాట్లాడితే బొమ్మలో ఉన్న పిల్లకూ నోట్లో ఉన్న మాటకూ పొంతన ఉండదు.

పిల్లల ముందు పెట్టండి

పెన్సిల్ డమ్మీతోనే ఈ పని చేయాలి, రంగులు వేశాక కాదు. అప్పటికైతే మార్చడానికి మీకే మనసొప్పదు. దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టర్‌ని అడిగి శనివారం ఒక పీరియడ్ తీసుకోండి. పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాల భవన్‌కు, కాలనీ లైబ్రరీలకు వచ్చే పిల్లలున్నారు. మీ అపార్టుమెంటు వాచ్‌మన్ పిల్లలు, పైఫ్లోర్ పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటే ఇంకా మంచిది, ఇద్దరికీ ఒకే బొమ్మ ఎలా అందుతుందో తెలుస్తుంది.

పేజీలు వాళ్లనే తిప్పనివ్వండి. మీరు వివరించకండి. ‘బాగుందా?’ అని అడిగితే బాగుందనే అంటారు, దానివల్ల లాభం లేదు. ముందుకు వంగింది ఎక్కడ, పక్కపిల్ల జడ లాగింది ఎక్కడ, వెనక్కి తిప్పమన్నది ఏ పేజీ అన్నవి చూసి, ఇంటికొచ్చాక డమ్మీ మీదే రాసుకోండి. కథ అయ్యాక ఒకళ్లను మళ్లీ చెప్పమనండి. వాళ్లు వదిలేసిన పేజీ పుస్తకంలో ఉండాల్సిన అవసరం ఉందా అని చూసుకోండి.

బొమ్మలు

రాణి 25 చోట్ల కనబడుతుంది. ప్రతిచోటా రాణే అనిపించాలి. అందుకని ఒక పెద్ద కాగితం మీద ఆమెను ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి గీయండి. కూర్చుని, ఉరుకుతూ, ఏడుస్తూ, బిందె ఎత్తుతూ ఎలా ఉంటుందో గీయండి. తలకూ ఒంటికీ నిష్పత్తి రాసిపెట్టుకోండి. గౌను మీద పువ్వులెన్నో, జడ ఏ వైపుకో, ఏ పన్ను ఊడిందో కూడా అక్కడే తేల్చండి.

సందు గీయాలంటే సందుకే వెళ్లండి. నెట్‌లో ‘ఇండియన్ విలేజ్’ అని కొట్టి చూసి గీసిన బొమ్మలో మట్టి గోడ, కొబ్బరి చెట్టు వస్తాయి, బోరబండ రాదు. గోడమీద కరెంటు మీటర్లు, మేడల మీద నల్ల సింటెక్స్ ట్యాంకులు, మెట్ల కింద బైకు, గుమ్మానికి వేలాడే గుమ్మడికాయ, వెనకాల ఎక్కడో మెట్రో పిల్లర్ – ఇవి చూసిన పిల్ల ‘ఇది మా గల్లీ’ అంటుంది. జంతువులు గీయాలంటే బహదూర్‌పురాలో నెహ్రూ జూ ఉంది. కదిలే జంతువును ముప్పై సెకన్లలో గీయడం అలవాటైతే ఫోటో అవసరం తగ్గుతుంది. మొండా మార్కెట్లో పొద్దున్నే ఒక గంట కూర్చుంటే బరువు మోసే ఒళ్లు ఎన్ని రకాలుగా వంగుతుందో చేతికి వస్తుంది. ఫైన్ ఆర్ట్స్ పద్ధతిగా చదవాలనుకునేవాళ్లకు మాసాబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ), సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉన్నాయి. డిగ్రీ లేకపోయినా ఈ రంగంలో ఎవరూ అడగరు, మీ డమ్మీనే చూస్తారు.

వాటర్ కలరా, ప్రొక్రియేట్ లాంటి డ్రాయింగ్ యాపా అన్నది మీ ఇష్టం. ఉచితంగా కావాలంటే క్రిటా సరిపోతుంది. ప్రెస్సు అడిగేవి మాత్రం మొదటిరోజే ఫైల్లో పెట్టుకోండి. అసలు కొలతలో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), కత్తిరింపు కోసం నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (అంచు దాటించి గీసే అదనపు బొమ్మ), ముఖ్యమైనవేవీ అంచుకు ఒక సెంటీమీటరులోపు ఉండకుండా జాగ్రత్త, చివర్లో రంగులను సీఎంవైకేకి, అంటే ప్రెస్సు వాడే నాలుగు సిరాల పద్ధతికి మార్చడం. స్క్రీన్ మీద మెరిసే నియాన్ పచ్చ, గాఢ నీలం సీఎంవైకేలో చప్పబడతాయి, ముందే మార్చి చూసుకుంటే గుండె జారదు. అక్షరాలను బొమ్మలో కలిపేయకండి, వేరే లేయర్‌లో ఉంచండి. రేపు ఈ పుస్తకం హిందీలోకో, ఉర్దూలోకో వెళితే బొమ్మ మళ్లీ గీయకుండా అక్షరాలు మాత్రమే మార్చొచ్చు. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తే కంపోజర్‌ని వరల్డ్ రెడీకి మార్చండి. డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో చేస్తామంటే ముందు ఒక పేజీ చేయించుకోండి. యూనికోడ్ నుంచి మార్చేటప్పుడు కొన్ని వత్తులు మాయమవుతాయి, అక్షరం అక్షరం చూడాల్సిందే.

ఎవరికి పంపాలి

మూడు బొమ్మలు పూర్తి రంగుల్లో, మిగతావి పెన్సిల్ డమ్మీగా పీడీఎఫ్ చేయండి. కథ మాత్రమే విడిగా ఒక ఫైలు. మీ గురించి నాలుగు వాక్యాలు. అన్ని బొమ్మలూ పూర్తిచేసి పంపకండి, ఎడిటర్ తప్పకుండా మార్పులు చెబుతారు. మంచి పుస్తకం మనకు దగ్గరే. చెన్నైలో తూలిక, బెంగళూరులో ప్రథమ్ బుక్స్ తెలుగులోనూ పుస్తకాలు తెస్తాయి. ఢిల్లీలో నేషనల్ బుక్ ట్రస్ట్ ఉంది. ఒక్కొక్కరు ఏ వయసుకు, ఎలాంటి కథలు వేస్తున్నారో చూసి పంపండి, అందరికీ ఒకే మెయిల్ కొట్టకండి. అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా, మంచి పుస్తకం కలిసి బొమ్మల పుస్తకాలకు పోటీలు నిర్వహించాయి, అలాంటి ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. పిల్లల సాహిత్యం కోసం పనిచేసే టాటా ట్రస్ట్స్ వాళ్ల పరాగ్ ఇచ్చే బిగ్ లిటిల్ బుక్ అవార్డులో రచయితకు ఏటా ఒక భాషను ఎంచుకుంటారు, చిత్రకారులకు విడిగా ఒక అవార్డు ఉంటుంది.

నెలల తరబడి జవాబు రాకపోవడం ఈ రంగంలో మామూలే. ఆ సమయంలో రెండో డమ్మీ మడవండి.

సంతకం పెట్టేముందు

ఇక్కడ నెమ్మదిగా చదవండి, ఎందుకంటే బొమ్మలు వేసేవాళ్లు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. కాపీరైట్ మీరు గీసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలంటే ఒక్కో రచనకు 500 రూపాయల రుసుముతో చేయించుకోవచ్చు. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కానీ 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17లో ఒక మెలిక ఉంది. ఎవరైనా డబ్బిచ్చి మీచేత పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, దాని మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్లే. ‘తెలిసినవాళ్లేగా, కాగితాలెందుకు’ అని ఊరుకుంటే బొమ్మల మీద హక్కు చేజారిపోవచ్చు. కాబట్టి పని మొదలుపెట్టకముందే, కాపీరైట్ మీదేనని, వాళ్లకు ఇస్తున్నది ఫలానా వాడకానికి అనుమతి మాత్రమేనని రాయించుకోండి.

హక్కులు బదిలీ చేస్తే అది రాతపూర్వకంగా ఉండాలి. సెక్షన్ 19 ప్రకారం ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకేనని అర్థం. వేరే షరతు లేకపోతే, తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే అది రద్దయినట్టే. ‘అన్ని భాషలు, అన్ని రూపాలు, శాశ్వతంగా’ అన్న వాక్యం కనబడితే ఆగండి. తెలుగు అచ్చు పుస్తకం ఒకటి, ఇతర భాషలు ఒకటి, యానిమేషన్ ఒకటి, బొమ్మతో టీషర్టులు, బ్యాగులు ఇంకొకటి. వేటికవి విడిగా మాట్లాడండి. హక్కులిచ్చేసినా పుస్తకం మీద మీ పేరు ఉండాలని అడిగే అధికారం సెక్షన్ 57 ఇస్తుంది. అట్టమీద చిత్రకారుడి పేరు రచయిత పేరంత అక్షరాల్లో ఉండాలని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. స్టోరీవీవర్ వంటి చోట్ల పుస్తకాలు ఎవరైనా అనువదించి, అచ్చువేసుకోగల లైసెన్సుతో వస్తాయి. అది మంచి పనే, వేల మంది పిల్లలకు చేరుతుంది, కాకపోతే తర్వాత వెనక్కి తీసుకోలేరని తెలిసి ఇవ్వండి. వాటర్ కలర్ ఒరిజినళ్లు మీకు తిరిగి ఇవ్వాలని కూడా ఒక వాక్యం చేర్చండి.

సొంతంగా అచ్చు వేయాలంటే

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, మన దేశంలో ఉచితం. రాజా రామ్‌మోహన్ రాయ్ ఏజెన్సీ వెబ్‌సైట్లో రచయితలే దరఖాస్తు చేసుకోవచ్చు. మధ్యవర్తులకు డబ్బివ్వకండి.

ముందు డిజిటల్ ప్రింటింగ్‌లో ఓ 50 కాపీలు తీసి స్కూళ్లకు, పుస్తకాల షాపులకు చూపించండి. తప్పులు అక్కడే బయటపడతాయి. తర్వాత ప్లేట్లు చేసి ఎక్కువ కాపీలు వేసే ఆఫ్‌సెట్. అజామాబాద్, విద్యానగర్, చిక్కడపల్లి వైపు ప్రెస్సులున్నాయి. కొటేషన్ అడిగేటప్పుడు మాట తేలిపోకుండా ఇలా చెప్పండి: ‘క్రౌన్ వన్ ఫోర్త్, 32 పేజీలు ప్లస్ అట్ట, నాలుగు రంగులు, లోపల 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్, అట్ట 250 జీఎస్ఎం మ్యాట్ లామినేషన్, సెంటర్ పిన్, వెయ్యి కాపీలు.’ క్రౌన్ వన్ ఫోర్త్ అంటే మన 7.5×10 అంగుళాల పేజీయే, జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో. అలా అడిగితే ముగ్గురిచ్చే రేట్లు పోల్చుకోవచ్చు. వెయ్యి కాపీలకు డబుల్ క్రౌన్ కాగితం నాలుగు రీములు, వేస్టేజీ పైన. ఈ లెక్క మీకు తెలిసినట్టు కనబడితే మాట తీరు మారుతుంది. మెరిసే ఆర్ట్ పేపర్ కన్నా మెరుపు లేని మందమైన మ్యాప్లిథో కాగితం వాటర్ కలర్ బొమ్మలకు నప్పుతుంది, రంగు కొంచెం లోపలికి పీల్చుకుంటుందని గుర్తుంచుకోండి. అచ్చయ్యే రోజు మెషిన్ దగ్గర ఉండండి. మొదటి షీట్లలో రాణి ఒంటి రంగు బూడిదగా వస్తే ఆపరేటర్‌తో చెప్పి సరిచేయించుకునేది అప్పుడే.

పుస్తకం వచ్చిన 30 రోజుల్లోపు 1954 చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకు, ముంబయి, ఢిల్లీలలోని మరో రెండు లైబ్రరీలకు కాపీలు పంపాలి. ధర పెట్టేటప్పుడు షాపులు, డిస్ట్రిబ్యూటర్లు 35 నుంచి 50 శాతం వరకు కమిషన్ అడుగుతారని లెక్కలో వేసుకోండి. 80 రూపాయల పుస్తకానికి మీ చేతికి నలభై నుంచి యాభై రెండు వరకు వస్తుంది, అచ్చు ఖర్చు అందులోనే. పోస్టులో పంపాలంటే 2025 మేలో మొదలైన జ్ఞాన్ పోస్ట్ ఉంది, 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్నులు అదనం. పైన చెప్పిన కొలతల్లో పుస్తకం దాదాపు 125 గ్రాములుంటుంది, అంటే కవరుతో కలిపి రెండు కాపీలు పడతాయి. మీ పుస్తకం దాని కిందికి వస్తుందో లేదో పోస్టాఫీసులో ముందే అడగండి, ప్రచురణకర్త పేరు పుస్తకంలో అచ్చయి ఉండాలి.

ఇల్లు గడిచేది ఎలా

రాయల్టీ పది శాతం అనుకుందాం. 60 రూపాయల పుస్తకం, వెయ్యి కాపీలు పూర్తిగా అమ్ముడైతే ఆరు వేలు. రచయిత, చిత్రకారుడు వేర్వేరు అయితే అందులో సగం. తెలుగులో బొమ్మల పుస్తకం మీదే బతకడం ఇవాళ్టికి సాధ్యం కాదు, ఇది తెలిసే దిగాలి. అందుకే ఉద్యోగం వెంటనే మానకండి.

చేతిలో ఉన్న నైపుణ్యానికి మాత్రం ఈ ఊళ్లో పని ఉంది. ఛోటా భీమ్ తయారయ్యేది హైదరాబాద్‌లోనే. యానిమేషన్ స్టూడియోలకు స్టోరీబోర్డు గీసేవాళ్లు ఎప్పుడూ కావాలి, 14 జంట పేజీల్లో కథ నడపడం వచ్చినవాళ్లకు ఆ పని కొత్తేమీ కాదు. ప్రైవేటు పాఠ్యపుస్తకాల కంపెనీలు, దినపత్రికల పిల్లల పేజీలు, ఆరోగ్యం, చదువు మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలు బొమ్మలు వేయించుకుంటాయి. స్కూళ్లలో వర్క్‌షాపులు ఇంకో దారి. ఒక పూటలో ప్రతి పిల్లచేతా రెండు కాగితాలు మడిపించి ఎనిమిది పేజీల సొంత పుస్తకం చేయిస్తే ఆ స్కూలు మళ్లీ పిలుస్తుంది, మీ పుస్తకాలూ అక్కడే అమ్ముడవుతాయి. వర్క్‌షాపు ఉచితంగా చేయమని అడిగే పెద్ద స్కూళ్లకు మర్యాదగానే మీ రుసుము చెప్పండి. ప్రభుత్వ బడికి ఉచితంగా చేయాలనిపిస్తే అది మీరు ఎంచుకున్నదై ఉండాలి.

బొమ్మల పనికి రేటు చెప్పేటప్పుడు పేజీకి ఇంత అని కాకుండా, పెన్సిల్ దశకు ఇంత, రంగులకు ఇంత, రెండుసార్లకు మించి మార్పులు అడిగితే అదనంగా ఇంత అని విడదీసి రాయండి. మూడో వంతు అడ్వాన్సు తీసుకోండి, పాన్ నంబరుతో బిల్లు ఇవ్వండి, టీడీఎస్ కోస్తే రిటర్న్స్‌లో చూపించుకోండి. ఒక్కో బొమ్మకు ఎన్ని గంటలు పట్టిందో డమ్మీ వెనక అట్ట మీద రాసుకుంటూ వెళ్లండి. రెండో పుస్తకానికి ఎంత అడగాలో ఆ అంకెలు చూసి లెక్కగట్టొచ్చు.